పెట్టె కాక, మనిషి

నాలుగువందల పది పౌండ్లు, సగం చేస్తే రెండువందల ఐదు, అందులో పదో వంతు తీసేస్తే నూట ఎనభై నాలుగున్నర, నోటిలెక్కకి ఇది చాలు గానీ కంప్యూటరు ఒప్పుకోదు, నూట ఎనభై ఆరంటుంది, సరే నీ మాటే కానీ, అనుకుంటూ గుమాస్తా ఆ అంకె కొట్టింది, విమానాల సరుకు దించే గోదాంలో ఏళ్లుగా ఆమెకిదే పని, అవతలి దేశం వాళ్లు పౌండ్లలో రాసి పంపుతారు, ఇక్కడ కిలోల్లోకి మారిస్తే గానీ సరుకు గేటు దాటదు, మోటారు సామాన్లు, అద్దాలు, ఒకసారి ఎవరిదో పియానో, ఇప్పుడు శవపేటిక, టీ మీద మీగడ కట్టింది, వెనక ఎవరో ట్రాలీ ఈడుస్తున్నారు, చక్రానికి నూనె వెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా గోడకి చెప్పినట్టే, కిటికీ అవతల పెద్దావిడ ఒక్కతే నిలబడి ఉంది, చనిపోయినతనికి అక్కట, ఎంతొచ్చిందమ్మా అంటోంది, నూట ఎనభై ఆరు కిలోలండీ, ఇక్కడ సంతకం పెట్టండి.

పెద్దావిడ పెన్ను పట్టుకుని ఆగిపోయింది, కాదమ్మా, మావాడంత ఉండడు, పెట్టెతో కలిపండీ, పైన చెక్క, లోపల రేకు, పెట్టె సంగతి నాకెందుకూ, వాడు చిన్నప్పట్నుంచీ చీపురుపుల్ల, ఎంత తిన్నా అరవై రెండు దాటడు, మొన్న ఫోన్లో మాత్రం రెండు కిలోలు పెరిగానక్కా అని ఒకటే సంబరం, నేను నమ్మలేదు, కోతలు కొయ్యకురా అన్నాను, అంటోంది ఆవిడ, వెనక వరస పెరుగుతోంది, రూలు ప్రకారం మొత్తం బరువే రాస్తామండీ అనబోయి గుమాస్తా ఎందుకో ఆగింది, పేటికతో వచ్చిన చీటీ తిప్పి చూసింది, ఖాళీ పెట్టె రెండువందల అరవై ఎనిమిది, తీసేస్తే నూట నలభై రెండు పౌండ్లు, ఈసారి నోటిలెక్క కాదు, మిషను మీద రెండుసార్లు కొట్టి చూసింది, అరవై నాలుగూ చిల్లరండీ.

అరవై నాలుగా, నిజమే చెప్పాడన్నమాట వెధవ, అని పెద్దావిడ నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది, సంతకం పెట్టి, చల్లగా ఉండు తల్లీ అని చెప్పి గేటు వైపు నడిచింది.

తరవాతి కాయితం చేతికొచ్చింది గానీ గుమాస్తాకి అంకెలు ఆనలేదు, తనెంత ఉంటుంది, మొన్న డాక్టరడిగితే తోచిందేదో చెప్పింది, ఆయన అదే రాసుకున్నాడు, విడిపోయిన మొగుడికి తన చెప్పుల సైజే తెలిసేది కాదు, పిన్ని కూతురు రోజూ పూల బొమ్మలతో శుభోదయం పంపుతుంది, అంతే, చిక్కిపోయావేమిటే అనే అమ్మ పోయి చాలాకాలమైంది, ఏమండీ, నా కాయితం, అని ఎవరో కిటికీ తడుతున్నారు, ఆ చూస్తున్నా అంటూనే ఉంది, రేపు తన పేరు పక్కన ఎవరు ఏ అంకె వేసినా, కాదమ్మా, అది అంత ఉండదు, అని అడ్డుపడే మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ లేరు.