ఇరవై అయిదేళ్ళ సెలవు

గంటన్నరలో అయిపోతుందన్నారు. వదిన కూడా గంటన్నరే అంది. పొద్దున పదింటికి కూర్చున్నవాళ్ళం, ఒంటిగంట కావస్తున్నా ఆ హోటల్ హాల్లో గుండ్రటి టేబుల్ ముందు అలాగే కూర్చుని ఉన్నాం.

వదిన అంటే మా ఆయన అక్కగారు. "ఊరికే వచ్చి వినండి. భోజనం వాళ్ళదే. వెళ్ళేటప్పుడు సూట్‌కేసు కూడా ఇస్తారు" అని ఆదివారం పూటా మమ్మల్ని లాక్కొచ్చింది. సరస్సు ఒడ్డున ఏదో రిసార్టు. ఇప్పుడు డబ్బు కడితే ఇరవై అయిదేళ్ళపాటు ఏడాదికో వారం అందులో రెండు గదులు మనవి. మిగతా యాభై ఒక్క వారాలూ ఇంకెవరివో. వదిన అయిదేళ్ళ కిందటే చేరింది.

నాకు ఆ రోజు వేరే పని ఉంది. మేం అద్దెకుంటున్న ఇంటి కిందే, మెట్ల పక్కన, గడియారాలు బాగుచేసే పెద్దాయన ఖాళీ చేసిన గది ఉంది. పది అడుగులకి ఎనిమిది. రోడ్డు వైపు షట్టరు. పదకొండేళ్ళుగా నేను పడగ్గదిలో కుడుతున్నాను. స్కూలు యూనిఫారాలు, ప్యాంట్ల ఆల్టరేషన్లు. ఎవరైనా కొలత చూసుకోవాలంటే మంచానికీ బీరువాకీ మధ్య పక్కకి తిరిగి నిలబడాలి. "సాయంత్రం అయిదులోగా అడ్వాన్సు ఇస్తే నీకమ్మా, లేకపోతే ఫోన్లు రిపేరు చేసేవాళ్ళు అడుగుతున్నారు" అని ఇంటాయన చెప్పేశాడు. అడ్వాన్సు డబ్బు నా ఖాతాలో సిద్ధంగా ఉంది.

ఇక్కడ మొదటి వాయిదా దాదాపు అంతే. ఆ సంగతి మా ఆయన కూడా గమనించారు. గమనించి, నా వైపు చూసి, మళ్ళీ సరస్సు ఫోటో వైపు చూశారు. 

"మీరు ఫ్యామిలీతో చివరిసారి ఎప్పుడు టూర్‌కి వెళ్ళారు సార్?" అంది మాకు వివరించే అమ్మాయి. ముఖమ్మీద నవ్వు పొద్దుట్నుంచి చెక్కుచెదరలేదు.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. తీరిగ్గా ఆలోచించి, "మొన్నామధ్య వెళ్ళాం" అన్నారు.

"ఆ మొన్నామధ్యకి మా పిల్లకి పాలపళ్ళు. ఇప్పుడది కాలేజీలో ఉంది" అన్నాను. "అప్పుడు కూడా రెండోరోజే ఎక్కడో లిఫ్టు ఆగిందని ఈయన వెనక్కొచ్చేశారు. మేం తల్లీకూతుళ్ళం సముద్రం చూసుకుని బస్సెక్కాం."

"అందుకే కదా మేడమ్ మేమున్నది!"

"ఏ వారమైనా ఇస్తారా?"

"మీకు నచ్చిన వారం మేడమ్. పది నెలల ముందు బుక్ చేసుకుంటే చాలు."

నేను మా ఆయన వైపు తిరిగాను. "మీకు సెలవు సంగతి ఎప్పుడు తెలుస్తుందండీ?"

"డ్యూటీ చార్టు నెలాఖరున వేస్తారు."

"ఏ నెలది?"

"పై నెలది."

"అంటే నెల ముందు తెలిసే సెలవుకి పది నెలల ముందు గది చెప్పాలి."

"ఎలాగో సర్దుకుంటారులే."

"ఎవరు, లిఫ్టులా?"

ఆ అమ్మాయి నవ్వింది. ఈసారి అది నిజం నవ్వే. మళ్ళీ వెంటనే సర్దుకుంది.

"ఏదైనా ఏడు వెళ్ళలేకపోతే?" అన్నాను.

"మెయింటెనెన్సు ఒక్కటి కట్టాలి మేడమ్. గదులు శుభ్రంగా ఉంచాలి కదా."

"మేం పడుకోని దుప్పటి ఉతికినందుకు మేం కట్టాలి."

"చిన్న మొత్తమే మేడమ్."

"ఏటేటా పెరుగుతుందా?"

"కొద్దిగా."

"వద్దనుకుంటే తిరిగి అమ్ముకోవచ్చా?"

"మీ పిల్లల పేరు మీదకి మార్చుకోవచ్చు మేడమ్!"

"నేనడిగింది అమ్ముకోవచ్చా అని."

మేనేజరుగారిని తీసుకొస్తానని ఆ అమ్మాయి లేచి వెళ్ళింది. వెళ్ళేముందు కాగితాలూ పెన్నూ మా ఆయన ముందుకి జరిపింది, నా ముందుకి కాదు.

"నువ్వు ప్రతిదానికీ వకీలులా అడుగుతావు" అన్నారాయన గొంతు తగ్గించి.

"ఒక్కరైనా అడగాలి కదా. మీరు సూట్‌కేసు రంగు అడిగారు, అంతే."

ఆయన బొటనవేలి గోటి చుట్టూ ఎప్పుడూ ఉండే గ్రీజు మరకని రెండో చేత్తో రుద్దుకున్నారు. "అలా కాదు. డబ్బు కట్టేస్తే వెళ్ళక తప్పదు కదా. ఆఫీసులో కూడా గట్టిగా చెప్పచ్చు, కట్టేశామండీ, పోతాయండీ అని. లేకపోతే నాకు ఎవరిస్తారు సెలవు? నేను అడగనూలేను."

పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన నాతో అంత పెద్ద మాట చెప్పింది తక్కువ. జాలిపడాల్సింది. నాకు ఒళ్ళు మండింది.

"నాతో వారం రోజులు ఉండటానికి మీకు ఇరవై అయిదేళ్ళ అగ్రిమెంటు కావాలా?"

పక్క టేబుల్ వాళ్ళు చూశారు. వదిన పేపర్ న్యాప్‌కిన్ని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ విప్పుతోంది. అంతసేపూ ఆవిణ్ణి అడగాలని నాకెందుకు తోచలేదో.

"మీరెన్నిసార్లు వెళ్ళారు వదినా?"

"వెళ్ళాం."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"అయిదేళ్ళలోనా?"

"ఫోన్ చేసినప్పుడల్లా ఖాళీ లేదంటారమ్మాయ్. దొరికిన ఒక్కసారీ వారమంతా వాన. పడవలు కట్టేశారు. మీ అన్నయ్యగారు గదిలో కూర్చుని టీవీలో వంటల ప్రోగ్రాం చూశారు."

"మరి మమ్మల్నెందుకు తెచ్చారు?"

ఆవిడ తమ్ముడి వైపు చూసింది, నా వైపు కాదు. "ఎవరినైనా చేర్పిస్తే ఈ ఏడు మెయింటెనెన్సు మాఫీ చేస్తారు."

"అక్కా!" అన్నారు మా ఆయన.

"ఏంట్రా అక్కా? మీ బావ దీని గురించి రోజూ నా ప్రాణం తోడేస్తున్నారు. అదొక్కటే కాదులే. మీరూ చేరితే అందరం ఒకే వారం వెళ్ళచ్చనుకున్నాను. ఆ మనిషితో ఒక్కదాన్నే ఆ నీళ్ళు చూస్తూ ఎంతసేపని కూర్చోను?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకి.  మా ఆయన పెన్ను మూత తీశారు.

"ఏం చేస్తున్నారు?"

"పోనీలే. అక్కకి ఉపయోగం కదా."

అంతా విన్నాక. వాన, కట్టేసిన పడవలు, మాఫీ, అన్నీ విన్నాక! ఈయన పన్నెండు అంతస్తుల లిఫ్టు తాడులో ఒక్క పోగు తెగినా కనిపెట్టే మనిషి. అక్క ముక్కు ఎగబీల్చేసరికి ఏమీ కనిపించలేదు.

అప్పుడే మేనేజరు వచ్చాడు. "ఈ ధర ఈ రోజు వరకే మేడమ్. ఇద్దరూ సంతకం పెట్టాలి" అంటూ కార్డు గీకే మిషను నా ముందు పెట్టాడు.

నేను లేచి బ్యాగు భుజానికి తగిలించుకున్నాను.

"వదినా, మీ ఈ ఏటి మెయింటెనెన్సుకి నేను రెండు నెలలు కుట్టి డబ్బిస్తాను. నాకు అదే చౌక. ఏమండీ, మీరు సంతకం పెట్టుకోండి. నా సంతకం ఇంకోచోట ఉంది. అయిదులోగా పెట్టాలి."

"నీ కుట్టు డబ్బులు నాకెందుకమ్మాయ్" అంది వదిన మొహం తిప్పుకుని.

"మేడమ్, భోజనం..." అన్నాడు మేనేజరు.

"సార్ తింటారు."

సార్ తినలేదు. నేను బస్టాపు చేరేలోపు వెనక చెప్పుల చప్పుడు వినపడింది. బస్సులో పక్కనే కూర్చున్నారు కానీ కిటికీలోంచి బయటికే చూశారు. రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి నాలుగున్నర దాటింది. ఇంటాయన రసీదు రాసిస్తున్నప్పుడు కూడా గుమ్మం బయటే నిలబడ్డారు. తాళంచెవి నా చేతికొచ్చింది.

షట్టరు ఎత్తితే లోపల నూనె వాసన, గోడనిండా మేకులు. ఆయన లోపలికొచ్చి ఒక మేకుని అటూ ఇటూ కదిపి చూశారు. "ఇవన్నీ పీకాలి. పుట్టీ పెట్టాలి" అన్నారు. హాల్లోంచి వచ్చాక అదే మొదటిమాట.

"అయితే సెలవు పెట్టండి."

"చార్టు వేసేశారు."

"అడగండి. అగ్రిమెంటు లేకుండా అడగండి."

ఆయన చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డారు. తర్వాత రోడ్డు మీదకి వెళ్ళి మాట్లాడారు. అంతస్తుల మధ్య ఇరుక్కుని ఏడుస్తున్నవాళ్ళకి అంత గట్టిగా ధైర్యం చెప్పే మనిషి, సూపర్‌వైజరుతో తప్పుచేసిన పిల్లాడిలా నసుగుతున్నారు. అయినా అడిగారు.

తిరిగొచ్చి, "ఒకరోజు ఇచ్చాడు" అన్నారు.

"ఎప్పుడు?"

"రేపు."

"రేపా? రంగు లేదు, పుట్టీ లేదు, బ్రష్షు కూడా లేదు. ఆదివారం షాపులు ఆరింటికి మూసేస్తారండీ!"

"ఇచ్చింది తీసుకున్నాను. అదీ తప్పేనా?"

అయిదూ ముప్పావు అయింది. షట్టరు లాగి తాళం వేసి, ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ రంగుల షాపుకి పరిగెత్తాం.