బండిదా, మనిషిదా

చింతాద్రిపేటలో వరదయ్య మోటారుసైకిళ్ళ షెడ్డు ముందు, తిన్నె మీద, ప్రతి ఆదివారం ఒక వాదం జరిగేది. దానికి తీర్పు లేదు. తీర్పు వచ్చేస్తే మరుసటి ఆదివారం ఏం చేస్తారు పాపం? వాదం ఒక్కటే. పందెం గెలిచేది బండా, బండి మీది మనిషా?

హార్బరులో గుమాస్తా అయిన జనార్దనం బండి పక్షం. ఆయనకు సైకిలు తొక్కడం కూడా రాదు కాబట్టి యంత్రమంటే అపారమైన భక్తి. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే ఏళుమలై మనిషి పక్షం. పగలంతా సీసపు ముక్కలతో గడిపేవాడు కనుక, లోహం తనంతట తాను ఏ పనీ చెయ్యదని ఆయనకు బాగా తెలుసు.

“స్పీడు యాడినుంచి వస్తాది? ఇంజినులోనుంచి. నీ మొగంలోనుంచి వస్తాదా?” అనేవాడు జనార్దనం.

“ఒకే బండిని నీకూ నాకూ ఇస్తే ఇద్దరమూ ఒకే టైముకి వస్తామా అప్పా? గుండె ఉండాల, గుండె. మలుపుకాడ భయపడినోడు ఓడినట్టే.”

“భయపడినోడు ఇంటికి వస్తాడు గదా!”

“ఇంటికి వచ్చేదానికి పందెమెందుకు? బస్సెక్కితే చాలదా?”

లోపలి నుంచి కాఫీ తెచ్చేది వరదయ్య భార్య తాయారు. ఆ ఇంట్లో ఇంటరు దాకా చదివింది ఆమె ఒక్కతే. ఆ చదువులో సగం కాఫీ కలపడానికీ, మిగతా సగం మాటకు అడ్డం రాకుండా ఉండడానికీ ఖర్చయింది. రెండోది మాత్రం ఆమెకు పూర్తిగా అబ్బలేదు.

వాళ్ళు వాదించుకునే బండి వరదయ్యది. యుద్ధంలో సైన్యం వాడి పారేసిన బండిని ముక్కలుగా తెచ్చి, మూడేళ్ళు కూర్చుని, చక్రాల నుంచి హ్యాండిలు దాకా మళ్ళీ పుట్టించాడు. వాళ్ళు వాదించుకునే మనిషి తాయారు తమ్ముడు యతిరాజులు. తండ్రి పోయాక తల్లి కనకవల్లితో పాటు అక్క ఇంటికే వచ్చి, బావ దగ్గర పని నేర్చుకుని, ఇరవై రెండో ఏట ఆ బండి ఎక్కి షోళవరంలో కప్పు గెలిచాడు. షోళవరమంటే ఊరికి ఉత్తరాన యుద్ధకాలంలో విమానాల కోసం వేసి, తర్వాత గాలికి వదిలేసిన సిమెంటు మైదానం. ఏడాదికోసారి అక్కడ గడ్డిమోపులూ పీపాలూ పేర్చి మలుపులు చేసి పందేలు పెట్టేవారు. మరుసటి సంవత్సరం కూడా యతిరాజులే గెలిచాడు.

ఆ రెండో గెలుపు తర్వాతి ఆదివారం జనార్దనం నేల మీద నిలవలేదు.

“వరదయ్య మేస్త్రీ చెయ్యప్పా అది! ఆ ఇంజిను పాడతాది. పిల్లోడు సుమ్మా పైన కూచున్నాడు, అంతే.”

తాయారు లోటాలు పెడుతూ ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. “అవునన్నా. మావాణ్ణి కూడా ఎందుకు శ్రమపెట్టేది? తిరుత్తణి కొండమీది కోతిని కూచోబెట్టినా ఆ బండి కప్పు తెస్తాది” అంది.

తిన్నె అదిరిపోయేలా నవ్వారు. వరదయ్య కూడా నవ్వాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది యతిరాజులు. కాఫీ పొలమారి, అక్కే వచ్చి నెత్తిమీద తట్టవలసి వచ్చింది. ఆ మాట సోమవారం హార్బరుకు వెళ్ళింది, మంగళవారం అచ్చాఫీసుకు వెళ్ళింది, వారం తిరిగేసరికి మౌంటురోడ్డు మీద మెకానిక్కులందరి నోళ్ళలోనూ ఉంది. యతిరాజులు బండి మీద పోతుంటే పక్కనుంచి “ఒరే కోతీ, కప్పు జాగ్రత్త!” అని అరిచేవాళ్ళు. వాడు చెయ్యూపి నవ్వేవాడు. అంత మంచి నవ్వు చూసి తాయారుకు తన హాస్యం మీద గౌరవం కూడా పెరిగింది.

అది యాభై ఆరులో. యాభై ఏడు ఫిబ్రవరిలో ఆఖరి చుట్టులో, అందరికంటే ముందున్న యతిరాజులు, ఆఖరి మలుపు దగ్గర వేగం తగ్గకుండా వచ్చి, గడ్డిమోపులు దాటి పీపాలను కొట్టుకున్నాడు. పెద్దాసుపత్రిలో నాలుగో రోజు పోయాడు.

పదహారు రోజులు తిన్నె ఖాళీగా ఉంది. తర్వాతి ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఇంకెక్కడికి వెళ్తారు? తాయారు కాఫీ తెచ్చింది. వాదం అదే, వాదించేవాళ్ళు కూడా వాళ్ళే. కానీ ఇప్పుడు దాని అర్థం వేరు. తప్పు బండిదైతే ఆమె మొగుడు ఆమె తమ్ముణ్ణి చంపినట్టు. తప్పు మనిషిదైతే వాడే తన ప్రాణం తీసుకున్నట్టు.

జనార్దనం న్యాయమైన మనిషి. అక్కడే వచ్చింది చిక్కు. “గెలిచినప్పుడంతా బండిది అంటిని. పడినప్పుడు మాత్రం మనిషిది అంటే, ఆ పైవాడు ఒప్పుతాడా? బ్రేకు పట్టలేదు. అంతే. మేస్త్రీ మీద నాకు కోపం లేదమ్మా. ఉండేది చెప్తా ఉండా” అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఏళుమలై తన పక్షం తాను మాట్లాడాలి. గెలుపు మనిషిదైతే తప్పు కూడా మనిషిదే. కానీ ఆ మనిషి తల్లి తలుపు వెనకాలే కూర్చుని ఉంది. ఆయన లోటా అంచునే చూస్తూ కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి తేలని వాదాన్ని అలా మొదటిసారి జనార్దనం గెలిచాడు.

వరదయ్య ఒక్క మాట చెబితే తేలిపోయేది. అసలు ఆ పద్ధతి పెట్టిందే ఆయన. పందెంలో పడిన బండిని పదిమంది ఎదుట విప్పి చూపించాలి, అప్పుడే మెకానిక్కుకు మొగమన్నది ఉంటుంది అని ఊరందరికీ చెప్పి, అందరిచేతా చేయించాడు. ఇప్పుడు తన బండిని మాత్రం వెనక రేకుల కింద టార్పాలిను కప్పి ఉంచాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దాంతో చూడనక్కరలేకుండానే అందరికీ తెలిసిపోయింది. ఒక్కొక్కరే తమ బండ్లు తీసుకుపోయారు. కొందరు మర్యాదగా, “ఊరికి పోతా ఉండాం మేస్త్రీ” అన్నారు. వాళ్ళ బండ్లు మాత్రం ఊరికి పోలేదు, పక్కవీధి షెడ్డులో కనిపించాయి.

ఇంట్లో కనకవల్లి అల్లుడితో నేరుగా ఎన్నడూ మాట్లాడిన మనిషి కాదు. గోడతో చెప్పేది.

“ఇనప ముక్కల్ని నమ్మి బిడ్డను పంపిస్తిని. మహానుభావుడు బ్రేకు చూసినాడో, బీడీ తాగుతా కూచున్నాడో! పరాయి బిడ్డ గదా, ఈయనకేమి నొప్పి?”

వరదయ్య బీడీ తాగడు. ఆ సంగతి గోడకు కూడా తెలుసు.

ఆయన మాత్రం సరిగ్గా అత్త అన్నానికి కూర్చునే వేళకే లోపలికి వచ్చేవాడు. స్తంభం పక్కన, ఆమె మాట బాగా వినబడే చోట చూసుకుని మరీ కూర్చుని, తలవంచుకునేవాడు. ఆమె తిట్టేది. మధ్య మధ్యలో ఒక ముద్ద నోట్లో పెట్టుకునేది. తాయారు ముందు ఇది గమనించలేదు. ఒక రోజు వరదయ్య తిరువొత్తియూరు పని మీద వెళ్ళి సాయంత్రానికి వచ్చాడు. ఆ రోజు తల్లి కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. మర్నాడు ఆయన వేళకు వచ్చాడు, ఆమె తిట్టింది, నాలుగు ముద్దలు తింది. అప్పుడర్థమైంది తాయారుకు, ఈ మనిషి అమ్మకు అన్నం పెడుతున్న తీరు.

ఆ మధ్యాహ్నమే మొగుణ్ణి వెనక రేకుల కింద పట్టుకుంది.

“బండి విప్పండి.”

“వద్దులే.”

“బ్రేకు బాగుండాదని మీకు తెలుసు గదా?”

“ఆ పొద్దే, ఆ మైదానంలోనే చూసినా. పట్టి చూసినా. గట్టిగా ఉండాది.” వరదయ్య టార్పాలిను మీది ఆకు తీసి అవతల పడేశాడు. “విప్పితే నా పేరు మిగులుతాది. మీయమ్మకి ఏం మిగులుతాది తాయారూ?”

ఆమె దగ్గర ఒక మాట ఉంది. దాన్ని ఆయనకు కూడా చెప్పలేదు.

మూడో రోజు ఆసుపత్రిలో, తల్లి నీళ్ళకు వెళ్ళినప్పుడు, యతిరాజులు కళ్ళు తెరిచాడు. “బావ భయపడి ఉంటాడు. బ్రేకు మంచిదేనని చెప్పక్కా” అన్నాడు. మాటకూ మాటకూ నడుమ చాలాసేపు పట్టింది. “నేనే ఎయ్యలా. కోతి అయితే బ్రేకు ఏస్తాది గదా అనుకున్నా. ఎయ్యకుండా ఆ మలుపు తిరిగితే... అప్పుడు నాది అంటారు గదా, గెలుపు.” తర్వాత వాడు నవ్వబోయాడు. అదే, ఏడాదిపాటు అందరికీ చూపించిన నవ్వు. దాన్ని అంత దగ్గరగా తాయారు అప్పుడే చూసింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం జనార్దనం కాఫీ ముట్టుకోకుండా కూర్చున్నాడు. ఏళుమలై చెప్పమన్నట్టు మోచేత్తో పొడిచాడు.

“మేస్త్రీ, చెప్పేదానికి నోరు రాలా” అన్నాడు జనార్దనం. “మెకానిక్కులందరూ కలిసి మాట్లాడుకున్నారంట. షోళవరంలో నీ చెయ్యి పడిన బండి దిగితే, వాళ్ళ పిల్లోళ్ళను దించరంట.”

వరదయ్య తల ఊపాడు. “మంచిదే. జాగ్రత్త ఉండాల గదా” అని, చొక్కా తగిలించుకుని, కూవం ఒడ్డు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. పెళ్ళయిన ఈ పదిహేనేళ్ళలో పని గురించి ఆ మనిషి తల దించుకుని వీధిలో నడవడం తాయారు చూడలేదు.

ఆమె లోటాలు అక్కడే వదిలేసింది. షెడ్డులోకి వెళ్ళి, గోడ మీద వరసగా తగిలించిన స్పానర్లలో తనకు కావలసినవి తీసుకుంది. ఏళ్ళుగా ఆయనకు దీపం పట్టింది, ఏ మరకు ఏది పడుతుందో ఆమెకు తెలుసు.

“ఏళుమలై అన్నా, ఒక చెయ్యి పట్టు.”

“ఏమమ్మా ఇది, మేస్త్రీ లేకుండా...”

“మేస్త్రీ ఉంటే కాదనే గదా ఇప్పుడు అడిగేది?”

ముగ్గురూ వెనక రేకుల కిందికి వెళ్ళి టార్పాలిను లాగారు. ముందు చక్రం అప్పడంలా వంగి ఉంది. ఏళుమలై బండిని ఎత్తి పట్టుకున్నాడు. తాయారు గాజులు మోచేతికి తోసుకుని, కొంగు దోపుకుని, ఇరుసు మర తిప్పింది. మొదట కదల్లేదు. రెండోసారి కాలు తన్నిపెట్టి లాగితే వచ్చింది. బ్రేకు పళ్ళెం తీగతో సహా బయటికి తీసి, పక్కనే చతికిలబడిన జనార్దనం ఒళ్ళో పెట్టింది. పంచె మీద నల్లటి మసి అంటుకుంది. ఆయన పంచె సంగతి చూసుకోలేదు.

“చూడన్నా. నువ్వే చెప్పు.”

చక్రాన్ని రాసుకుని ఆపే లైనింగు మీద జనార్దనం గోరుతో గీశాడు. పొడిగా ఉంది. నూనె చుక్క లేదు, రివెట్లన్నీ ఉన్నాయి, మందం కొత్తదానిలాగే ఉంది. తాయారు హ్యాండిలు దగ్గర పిడి నొక్కింది. తెగని తీగ బిగుసుకుంది. ఆయన ఒళ్ళో, ఆ లైనింగు తొడిగిన రెండు బ్రేకు షూలూ మెత్తగా విచ్చుకున్నాయి. పిడి వదిలింది, ముడుచుకున్నాయి. మళ్ళీ నొక్కింది, మళ్ళీ విచ్చుకున్నాయి.

“చాలమ్మా” అన్నాడు జనార్దనం.

“చాలదు. వాడు చెప్పింది కూడా వినండి.” ఆమె చెప్పింది. ఆసుపత్రి మాట మొత్తం, కోతితో సహా. “ఆ కోతి మాట మీలో ఎవురిదీ కాదు. నాది. మీరు మోసుకుపోయింది కాఫీతో పాటు నేనిచ్చిందే. మేస్త్రీది మాత్రం ఏమీ లేదు ఇందులో. ఇది పోయి మౌంటురోడ్డులో చెప్పండి.”

ఏళుమలై బండిని మెల్లగా నేలకు దించాడు. గెలిచింది ఇప్పుడు ఆయన పక్షం. తప్పు మనిషిదే. ఆయన మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.

అప్పుడు చూసింది తాయారు, పెరటి గడపలో తల్లిని. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. మరలు తిప్పే గొడవలో ఎవరూ వెనక్కి చూడలేదు.

“బ్రేకు బాగుండిందా?” అని అడిగింది కనకవల్లి.

“బాగుండిందమ్మా.”

“వాడే ఎయ్యలేదా?”

తాయారు తల ఊపింది. “నన్ను తిట్టమ్మా. ఆ మాట నేనే అంటిని.”

“నువ్వు నవ్వులాటకు అంటివి” అంది కనకవల్లి, చిన్నపిల్లకు చెప్పినట్టు. “నేను కూడా నవ్వితి గదా, లోపల కూచోని.”

వీధి వైపు నుంచి వరదయ్య వచ్చాడు. టార్పాలిను, చక్రం, జనార్దనం ఒడి, అత్త మొగం వరసగా చూశాడు. జనార్దనం ఒళ్ళోంచి బ్రేకు పళ్ళెం తీసుకుని, గొంతుక్కూర్చుని, దాన్ని మళ్ళీ చక్రంలో పెట్టబోయాడు. వంగిన చక్రంలో అది పోలేదు. అయినా తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు.

కనకవల్లి గోడ వైపు తిరగలేదు. పదిహేనేళ్ళలో మొదటిసారి అల్లుడి మొగంలోకి చూసి మాట్లాడింది.

“ఇంక నేనెవుర్ని తిట్టుకునేది నాయనా?”

“నేనుండా గదా అత్తా” అన్నాడు వరదయ్య. “నన్నే తిట్టు. నాకేమి?”

జనార్దనం, ఏళుమలై ఒకరి వెనక ఒకరు సందులోంచి వెళ్ళిపోయారు. దారిలో వాదించుకోలేదు. ఆ సాయంత్రానికల్లా మౌంటురోడ్డులో సంగతి తెలిసిందనీ, సోమవారం పొద్దున్నే ఇద్దరు తమ బండ్లు తోసుకుంటూ వచ్చారనీ తర్వాత చెప్పుకున్నారు. అది నిజమే. వరదయ్య పేరు వరదయ్యకు వచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం తాయారు ఎప్పటిలాగే తల్లికి అన్నం వడ్డించి, చారు పోసింది. వరదయ్య చేతులు కడుక్కుని వేళకు లోపలికి వచ్చాడు. స్తంభం పక్కన, మాట బాగా వినబడే చోట కూర్చుని, తలవంచుకుని ఎదురుచూశాడు.

కనకవల్లి తిట్టలేదు. కంచంలో చారు నీళ్ళు అన్నంలోకి ఇంకిపోతున్నాయి.