పన్నెండు బొమ్మల చట్రం

నా కెమెరా మడతపెట్టే రకం. వెనక తలుపు తెరిచి ఫిలిం చుట్ట ఎక్కించాలి. అలాగే వదిలేస్తే ఎనిమిది పెద్ద బొమ్మలొస్తాయి. లోపల రేకు చట్రం బిగిస్తే రెండు పక్కలా కొంత మూసుకుపోయి, చదరంగా పన్నెండు చిన్న బొమ్మలొస్తాయి. ఏది కావాలో చుట్ట ఎక్కించక ముందే తేల్చుకోవాలి, మధ్యలో మార్చడానికి లేదు. ఇందులో పెద్ద విద్యేం లేదు. అయినా నందికొట్కూరులో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని తెగ మిడిసిపడేవాణ్ణి.

పెద్దిళ్ల పెళ్లిళ్లకు ఎప్పుడూ ఎనిమిదే. యాభైనాలుగు వేసవిలో ఊరవతలి పేటవాళ్లు తమ చర్చికి కొత్త గోడలు కట్టుకుని, సంఘపెద్ద గాబ్రియేలును పంపి నన్ను పిలిపించినప్పుడు మాత్రం చట్రం బిగించేశాను. మద్రాసు నుంచి ఫిలిం సరిగా రావడం లేదు, నిజమే. అసలు కారణం అది కాదు. కూలివాళ్ల బొమ్మ ఎంతుంటే ఏమిటిలే అనుకున్నాను. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

చట్రం బిగించినప్పుడు పైన గురి చూసే అద్దానికి కూడా పక్కలు మూసే చిన్న మూత దించాలి. లేకపోతే అద్దంలో కనిపించేదంతా ఫిలిం మీదికి రాదు. తొందరలో ఆ మూత మరిచాను. ఏ రెడ్డిగారింట్లోనో అయితే చచ్చినా మరిచేవాణ్ణి కాదు.

గోడ ముందు పాతికమంది దాకా నిలబడ్డారు. విశ్వాసమ్మ కొడుకు లేవి ఒక్కడే కుడి చివర, అందరికీ ఎడంగా నిలబడ్డాడు. అతనికి క్షయ. మర్నాడే ఆసుపత్రికి ప్రయాణం.

"ఇట్ల దగ్గరికి రా నాయనా," అంది విశ్వాసమ్మ.

"వద్దులేమ్మా. చిన్న పిల్లోల్లుండారు," అన్నాడు లేవి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

నాకు చిరాకేసింది. "ఆడనే ఉండనీమ్మా, బాగానే కనపడతాండాడు," అని రెండు బొమ్మలు తీశాను. అద్దంలో నిజంగానే కనపడ్డాడు.

ఫిలిం కడిగి చూస్తే రెండింటిలోనూ లేవి లేడు. ఎడమవైపు ఉత్త గోడ తెగిపోయింది, కుడివైపు అతను తెగిపోయాడు. మిగతా అందరూ చక్కగా పడ్డారు. ఆ సంగతి కనీసం చెప్పవలసింది. నోరు మెదపకుండా బొమ్మను గాబ్రియేలుకు పంపేశాను.

రెండు నెలలకు విశ్వాసమ్మ మా షాపు దగ్గరికి వచ్చింది. లేవి ఆసుపత్రిలోనే పోయాడట. ఆమె గడప బయటే నిలబడింది. లోపలికి రమ్మని నేనూ అనలేదు.

"సామీ, వాని బొమ్మ ఇంగ యాడా ల్యాదు. నీ కాడుండే ఫిలింలోనన్నా ఉండాడేమో చూడు సామీ. గోరంతున్నా సరే."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కూతురి పెళ్లికి బొమ్మలు తీయాలని అడగడానికి వచ్చిన రైతు బొజ్జన్న నా పక్కనే కూర్చుని వింటున్నాడు. అతని ముందు పని రానివాణ్ణని ఒప్పుకోలేకపోయాను.

"సరిగ్గా బొమ్మ తీసేటప్పుడే నీ కొడుకు పక్కకు జరిగినాడమ్మా. నేనేం చేసేది?" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంతే అయ్యింటాది సామీ. వాని దగ్గు పిల్లోల్లకు తగులుతాదని జరిగింటాడు. శానా మంచోడు సామీ వాడు. నీ ఫిలిం చెడగొట్టినాడని మనసులో పెట్టుకోవద్దు."

నాకే దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. చెప్పుతో కొట్టి వెళ్లినా అంత బాధపడేవాణ్ణి కాదు.

మొన్న సంతలో గాబ్రియేలు ఎదురయ్యాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ప్రార్థనలో లేవిని తలుచుకుంటున్నారట.

"పిల్లోల్ల కోసరం పటంలోనుంచి గూడా తప్పుకున్యాడు సామీ. ఆ తల్లి ఆ మాట చెప్పుకోనే బతుకుతాంది," అన్నాడు. "నువ్వు కళ్లారా చూసినావు గదా?"

ఇప్పుడైనా చెప్పెయ్యాలనే అనుకున్నాను, ఒట్టు.

"చూసినా," అన్నాను.