పుట్టింటి పేగులు

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. ఉతకని దుప్పటిలా ఇళ్ల మీద పరుచుకుని ఉంది. రెండు రోజులుగా ఆరని బట్టలను ఆమె గదిలో తీగ మీదికి మార్చి, అత్తగారి మాత్రలు గిన్నెలో పెట్టి, భర్త చొక్కా ఇస్త్రీ చేసింది. పేగులోంచి తీసిన ముక్క ఫలితం చెప్పేది ఆ రోజే. పరీక్ష ఆమెది, ఇస్త్రీ చొక్కా ఆయనది.

ఏడాదిగా మలంలో నెత్తురు పడుతోంది. "మొలలే, కారం తగ్గించు" అన్నాడు భర్త. కారం తగ్గిస్తే ఆయనకు ముద్ద దిగదు కనుక, ఆమె తన మట్టుకు ఉత్త అన్నంతో సరిపెట్టుకుంది. ఎనిమిది కిలోలు తగ్గితే "ఈ వయసులో నాజూకులేమిటో" అంది అత్తగారు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. మాటిమాటికీ లేచి మరుగుదొడ్డికి పోతోందని సూపర్‌వైజరు "మిషను అక్కడే వేయించమంటావా" అంటే వరసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. చివరికి ఫ్యాక్టరీ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయాక, ఒంట్లో రక్తం సగానికి సగం లేదని తేలి, అప్పుడు పెద్దపేగులోకి కెమెరా పంపి చూశారు.

"క్యాన్సరమ్మా," అంది డాక్టరమ్మ. "పెద్దపేగులో, కుడివైపు. స్కానింగులో కాలేయానికి పాకినట్టు లేదు. ఆ భాగం తీసేసి అతికిస్తాం. తీసినదాన్ని పరీక్షించాక కీమో కావాలో వద్దో చెబుతాను."

పక్కింటివాళ్ల సంగతి విన్నట్టు ఆమె తలూపింది. వాళ్లు ఇంటి దగ్గర నింపి తెచ్చిన కాగితాన్ని డాక్టరమ్మ తిరగేసి, కుటుంబంలో ఎవరికీ ఈ రోగం లేదని రాశారేమని అడిగింది. మూడు తరాలు లెక్క చూసే రాశామన్నాడు భర్త.

నిజమే. పరీక్షకు ముందురోజు, పేగులు ఖాళీ చేసే మందు తాగి ఆమె మరుగుదొడ్డికీ పొయ్యికీ మధ్య తిరుగుతుంటే, ముందుగదిలో తల్లీ కొడుకూ కూర్చుని నింపారు. అత్తగారు మామగారి తాతల దాకా వెళ్లింది. ఒకరు జ్వరంతో, ఒకరు ముసలితనంతో, ఒకరు మేడ మీంచి పడి. ఆ రోగం మా వంశంలో లేదు, రాయి అంది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మీ అత్తగారి పేగులతో నాకేం పనమ్మా? మీ పుట్టింటి సంగతి చెప్పండి."

పెళ్లైన ఇరవై నాలుగేళ్లలో ఆ సంగతి అడిగినవాళ్లు లేరు. "మా అమ్మకు పేగుల్లోనే. నలభై ఆరేళ్లకు పోయింది. మేనమామకూ అదే, ఇంకా చిన్న వయసులోనే," అంది.

అలాగైతే ఇది తరతరాలుగా రక్తంలో వచ్చే రకం కావచ్చట. ఆమెకు పరీక్ష చేస్తే తేలుతుందట. తేలితే కూతురికీ చేయించాలి. ఆ పిల్లకూ ఉంటే ఇప్పట్నుంచే కెమెరాతో చూస్తుండాలి. బుడిపెగా ఉండగానే తీసేస్తే క్యాన్సరు దాకా పోదు. అమ్మాయికి ఎన్నేళ్లని అడిగింది డాక్టరమ్మ. ఇరవై మూడు.

బస్సులో భర్త ఆమె వైపు వంగి గొంతు తగ్గించాడు. "పిల్లకు చెప్పకు. బెంగపడుతుంది, నలుగురి నోళ్లలో పడుతుంది. గ్యాస్ వల్ల పేగు పాడైందందాం" అన్నాడు. చెడ్డవాడు కాడు. తన అమ్మ పోయినప్పుడు నాన్న అన్నదీ ఆ మాటే, చుట్టాలన్నదీ ఆ మాటే. అమ్మమ్మ గ్యాస్‌తో పోయిందని కూతురికి చెప్పింది మాత్రం తనే. ఏడాదిపాటు నెత్తురు చూస్తూ తనకు తాను చెప్పుకున్నదీ దాదాపు అదే.

సాయంత్రం అందరికీ వడ్డించి, తనూ కంచం తెచ్చుకుని కూతురి పక్కన కూర్చుంది. అత్తగారు వింతగా చూసింది.

"మీ అమ్మమ్మ గ్యాస్‌తో పోలేదే," అంది కూతురితో. "క్యాన్సరు. నీకు అబద్ధం చెప్పాను. ఇప్పుడు నాకూ అదే వచ్చింది. నీకూ పరీక్ష చేయించాల్సి రావచ్చు. ఎల్లుండి మళ్లీ రమ్మన్నారు, నాతో రా, డాక్టరమ్మ చెప్పేది నీ చెవులతో విను."

భర్త చేయి కంచంలో ఆగిపోయింది. కూతురు ఆమె ముఖంలోకి చూసి, "వస్తానమ్మా" అంది.

తర్వాత నలుగురూ తిన్నారు. కూరలో ఉప్పు లేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.