కొంగ మెడ

తడిపిన కాలెండరు బొమ్మను బల్ల మీద బోర్లా పరిచి, మావయ్య దాని వీపును బొటనవేలితో నెమ్మదిగా రుద్దుతున్నాడు. తెల్లటి పొర ఉండలు ఉండలుగా లేచి వస్తోంది. కాగితం ఎంత పలచబడితే, అంటించాక అంతగా చెక్కలో కలిసిపోతుంది. పైన చెయ్యి వేస్తే అంచు తగలకూడదు. వీధిలో అందరికీ ఆయన మావయ్యే. అలా పిలిచే హక్కు నిజంగా ఉన్నది మాత్రం పక్కన కూర్చుని రంగు కాగితంలోంచి ఆకులు కత్తిరిస్తున్న కోడలికే.

మావయ్య పనిచేసే పుస్తకాల బైండింగు షాపు మూతపడ్డప్పుడు ఆయన చేతులకు ఒక్కసారిగా పని లేకుండా పోయింది. గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు కోడలు ఎవరో పారేసిన స్టూలు మోసుకొచ్చి, "దీని మొహం చూడలేకపోతున్నాను, ఏదో ఒకటి చెయ్యండి," అని ముందు పడేసింది. గీతలు పడ్డచోట ఆకులు, పెచ్చులూడినచోట పూలు అంటించాడు. స్టూలు చూసినవాళ్ళు కుర్చీలు తెచ్చారు, కుర్చీలు చూసినవాళ్ళు బీరువాలు తెచ్చారు. ఆ స్టూలు తన కోసమే మోసుకొచ్చిందని ఆయనకు తెలుసు. పైకి ఒక్కనాడూ అనలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో డ్యూటీ అయ్యాక నర్సమ్మ వచ్చి తన బీరువా తీసుకెళ్ళాలి. అది వాళ్ళమ్మది. దీపం సెగకి తలుపు ఒకచోట కమిలిపోతే, ఆ మచ్చ మీద పొడుగు మెడ కొంగను నిలబెట్టాడు. అలాంటి బొమ్మ ఇంకొకటి లేదు.

కోడలు లేచి బీరువా దగ్గరికెళ్ళి ఆగిపోయింది.

"మావయ్యా, కొంగకి గవదబిళ్ళలొచ్చాయి."

మెడ మధ్యలో కాగితం బుడగలా ఉబ్బి ఉంది. జిగురు ఆరకముందే వార్నీషు కొట్టేశాడు. ఏ తొందరకి ఇన్నాళ్ళూ కోడల్ని కసురుకున్నాడో, సరిగ్గా అదే తొందర. బ్లేడు తీశాడు. దాని మొన బొమ్మ దగ్గరికి వెళ్ళి వణికింది. ఈ మధ్య చెయ్యి ఆయన మాట వినడంలేదు. కాసేపు చూసి, ఎవరికీ ఇవ్వని ఆ బ్లేడును కోడలి చేతిలో పెట్టాడు.

చిరిగిపోతే నర్సమ్మకి మొహం ఎలా చూపించాలని ఆమె వెనక్కి తగ్గింది.

"బొమ్మలో ఈక గీత ఉంది చూడు, దాని మీదే కొయ్యి. నీ కోతని అదే దాచుకుంటుంది."

ఆమె ఊపిరి బిగబట్టి కోసింది. బ్లేడు మొనతో జిగురు లోపలికి జార్చి, బొటనవేలితో మధ్య నుంచి అంచులకు నొక్కింది. మెడ చదునైంది. కోత ఎక్కడుందో ఆయనకే కనిపించలేదు.

"ఆ స్టూలు నువ్వు తేకపోయుంటే నేనేమైపోయేవాణ్ణో తల్లీ," అన్నాడు మెల్లగా.

ఆమె తల తిప్పుకుంది. "ఆ స్టూలుకి కాళ్ళు మూడే ఉన్నాయి, మీరు చూసుకోలేదు. వేలు తియ్యనా?"

"ఉండు. మనసులో పాటొకటి పాడుకో. అయ్యాక తియ్యి."

ఆయన వెళ్ళి కిటికీ పక్కన తన కుర్చీలో వెనక్కి వాలాడు. ఎండ మోకాళ్ళ మీద వెచ్చగా పడుతోంది. ఆమె పెదాలు కదలడం చూస్తూ, ఏ పాటై ఉంటుందా అనుకున్నాడు.

చీకటి పడకముందే నర్సమ్మ బండితో వచ్చింది. తలుపు మీద అరచెయ్యి ఆడించి, మచ్చ ఎక్కడుండేదో వెతికింది. దొరకలేదు. కళ్ళు తుడుచుకుని ఆ మాట మావయ్యకు చెబుదామని కిటికీ వైపు నడిచింది. పిలిచినా ఆయన కదల్లేదు. వంగి నాడి కోసం ఆయన మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుని, ఆ చేతిని మెల్లగా ఆయన ఒళ్ళో పెట్టి, కోడల్ని దగ్గరికి రమ్మంది.

కుర్చీ చేతి మీద, రంగుపోయి అరిగిన చోట, పచ్చటి కాగితపు ఆకొకటి అంటించి ఉంది. జిగురు ఇంకా ఆరలేదు, ఆయన బొటనవేలి మీద కూడా.