రెండు చర్చిల మైనం

వదీఆ మంట తగ్గించింది. సెగ ఎక్కువైతే మైనం నల్లబడుతుంది. కర్రచట్రానికి వరసగా కట్టిన నూలు వత్తులను కుండలో ముంచి, పైకెత్తి, ఆరనిచ్చి, మళ్ళీ ముంచింది. లావుపాటి వేళ్ళు మైనంతో నున్నగా మెరుస్తున్నాయి.

ఆ కొండ ఊళ్ళో చర్చిలు రెండు, మధ్య ఒక గోడ. బిషప్పు ఎవరన్న తగువులో పూర్వం ఒకే సంఘం రెండుగా చీలింది. రోముతో కలిసినవాళ్ళు కాథలిక్కులయ్యారు. మిగిలినవాళ్ళు ఆర్థడాక్సులుగానే ఉండిపోయారు. ఈస్టరు కూడా ఎవరిది వారిదే. కొవ్వొత్తులు మాత్రం ఇద్దరికీ వదీఆ చేసినవే. కాలగా మిగిలిన ముక్కలను మళ్ళీ కరిగించడానికి రెండు చర్చిలవాళ్ళూ వేరువేరు సంచుల్లో పంపి, కలపొద్దని మరీమరీ చెప్పేవారు.

వదీఆ ఆర్థడాక్సుల బిడ్డ. మనసుపడి కాథలిక్కు తాపీమేస్త్రీని చేసుకుంది. పెళ్ళికి తండ్రి రాలేదు. గోడకు అవతల, తన చర్చి వాకిట్లో నిలబడి పాటలన్నీ విన్నాడని చాలాకాలానికి తెలిసింది. అది తలుచుకుంటే ఆమెకు దుఃఖం రాదు. ఎలాగోలా వచ్చాడు కదా అనిపిస్తుంది.

చిన్నాన్న కొడుకు నఖూలా లోపలికొచ్చాడు. ఆర్థడాక్సు చర్చిలో గంట కొట్టేది, దీపాలు చూసేది అతనే.

"అక్కా, సంచులు రెండూ ఖాళీ. కుండ ఒకటే ఉందేం?"

"ఒకటే పెట్టాను గనక."

అతను కుండలోకి తొంగిచూశాడు. "ఎప్పట్నించీ ఈ పని?"

"మీ బావ పోయినప్పట్నించి. రెండు కుండలు ఎత్తి దించడం నావల్ల కాలేదు. మొదటిసారి భయపడ్డా. రెండుచోట్లా బాగానే వెలిగాయి."

"అంటే మా ఈస్టరుకి వాళ్ళ మైనం వెలిగిందన్నమాట."

"వాళ్ళ పండక్కి మీదీ వెలిగింది. ఎవరికీ పొగ ఎక్కువ రాలేదుగా. వెళ్ళి మీ ఫాదరుగారికి చెప్తావా?"

నఖూలా గడ్డం గోక్కున్నాడు. "చెప్తే నన్నే ఈ కుండ ముందు కూచోబెట్టి వేరుచెయ్యమంటాడు."

వదీఆ దగ్గొచ్చేదాకా నవ్వింది. యాలకులు వేసి కాఫీ కాచిచ్చింది. సాయంకాలం ప్రార్థనకు ముందు కొవ్వొత్తులు పట్టుకెళ్తానని అతను లేచాడు.

మధ్యాహ్నానికి పని తెమిలింది. చేతులు కడుక్కొని, ఎండపడే కిటికీ పక్కకు కుర్చీ జరుపుకొని కూర్చుంది.

నఖూలా తిరిగొచ్చేసరికి ఆమె గడ్డం ఛాతీమీద వాలి ఉంది. పిలిచాడు. భుజం తట్టాడు. జారిన తలగుడ్డ సర్దాడు. తర్వాత వెళ్ళి తన చర్చి గంట కొట్టి, పక్క చర్చి గేటు తట్టాడు.

"మా అక్క పోయింది. మీరూ గంట కొట్టండి."

మర్నాడు ఆమెను భర్త పక్కనే పాతిపెట్టారు. ఆర్థడాక్సులు కూడా గోడ దాటి కాథలిక్కుల వాకిట్లోకి వచ్చారు. అందరి చేతుల్లోనూ ఆమె చేసిన కొవ్వొత్తులే. కుండ సంగతి నఖూలా ఎవరికీ చెప్పలేదు.

అతను ఆమె ఇంటికి తాళం వేద్దామని వెళ్ళినప్పుడు కిటికీ గట్టుమీద ఒక నారింజ కనిపించింది. వదీఆ సగం ఒలిచి పెట్టింది. తొక్క ఎక్కడా తెగకుండా కిందికి వేలాడుతోంది.