తొంభై ఆరు శాతం

రెండు వేల తొమ్మిది మార్చిలో ఒక రోజు టెక్కలి బస్టాండులో కూర్చున్న పేతురు పక్కాయన దగ్గర పేపరు అడిగి తీసుకున్నాడు. ఎన్నికలు దగ్గర పడ్డాయని పేపరువాళ్ళు తమ పార్లమెంటు నియోజకవర్గం చరిత్రను ఒక పేజీ నిండా వేశారు. యాభై రెండు నుంచి ఎవరు గెలిచారు, ఎవరికెంత మెజారిటీ, అన్నీ గళ్ళు గీసి ఉన్నాయి. అడుగున ఒక మూల, రెండు వేల నాలుగులో బారువ దాపున ఒక తోటల ఊళ్ళో తొంభై ఆరు శాతం పోలింగు జరిగిందనీ, ఉద్దానం ఓటరు చైతన్యానికి అదే రుజువనీ రాశారు.

ఆ ఊరు పేతురుదే. ఆ రోజు ఆ బూతులో ఏజెంటుగా కూర్చున్నదీ అతనే. పేపరు తిరిగి ఇచ్చేసి, అవతలికి వెళ్ళి కాండ్రించి ఉమ్మి వచ్చాడు.

పేతురు పదో తరగతి చదివాడు. ఎకరం కొబ్బరితోట ఉంది. ఊళ్ళో బాప్టిస్టు సంఘానికి కార్యదర్శి. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, సమాధులు రిజిస్టర్లో రాసేది అతనే. ఇంటింటి మనిషినీ ఎరిగినవాడు కాబట్టి సర్పంచి రామూర్తి తన పార్టీకి అతన్నే పోలింగ్ ఏజెంటుగా పెట్టుకునేవాడు. వచ్చిన మనిషి ఆ మనిషేనా కాదా చూడడం, కాకపోతే ఆఫీసరుకు అభ్యంతరం చెప్పడం ఏజెంటు పని.

తొంభై ఎనిమిదిలో వచ్చిన ఎన్నిక పార్లమెంటుకు ఒక్కదానికే. ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. మధ్యాహ్నం మూడైనా సగం మంది రాలేదు. అప్పుడు ఒకామె ముసుగు కప్పుకుని పోలమ్మ పేరుతో ఓటుకు వచ్చింది. పోలమ్మ చనిపోయి అప్పటికి ఏడాది. ఆ సంగతి పేతురుకు తెలుసు, పక్కనే కూర్చున్న అవతలి పార్టీ ఏజెంటు నారాయణకూ తెలుసు. పేతురు తల దించుకున్నాడు. నారాయణ అతని చెవి దగ్గరకు వంగి, "ఈపాలి మీది మావా, వొచ్చీపాలి మాది" అన్నాడు.

తొంభై తొమ్మిదిలో అదే ఒప్పందమైంది. గొడవల్లేకుండా పోతుందని రెండు పార్టీల పెద్దలూ చచ్చినవాళ్ళ ఓట్లు చెరిసగం చేసుకున్నారు.

ఆ తర్వాత ఊళ్ళో చావులు ఎక్కువయ్యాయి. నలభై నిండని మగవాళ్ళకు కాళ్ళు పొంగేవి, ముఖాలు ఉబ్బేవి. విశాఖ వెళ్ళి, కిడ్నీలు పోయాయన్న కాగితం పట్టుకుని వచ్చేవాళ్ళు. నీళ్ళ వల్లో మరి దేనివల్లో ఎవరూ తేల్చలేదు. జీపులో వచ్చిన అభ్యర్థి ప్రతిసారీ మంచినీళ్ళు తెస్తాననీ ఆసుపత్రి కట్టిస్తాననీ చెప్పి, ఎవరి ఇంట్లోనూ గుక్కెడు నీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయేవాడు. పేతురు చెల్లెలు నయోమి భర్త షాలేమ్ రాజుకూ ఆ జబ్బే వచ్చింది. రెండేళ్ళు మంచాన పడి, రెండు వేల నాలుగు ఫిబ్రవరిలో పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళు.

ఏప్రిల్లో పోలింగు. ముందురోజు సాయంత్రం రామూర్తి తన జీడితోట షెడ్డుకు పేతురునూ నారాయణనూ పిలిపించాడు. వచ్చేటప్పుడు సమాధుల రిజిస్టరు తెమ్మని పేతురుకు కబురు. అక్కడ పొయ్యి మీద వేటమాంసం ఉడుకుతోంది. రామూర్తి ఓటర్ల జాబితా ముందేసుకుని పేర్లు చదవమన్నాడు. రిజిస్టరులో లేని హిందువుల చావులు తనే గుర్తు చేసుకుని కలిపాడు. నలభై ఒక్క మంది తేలారు. ఒకటి మాకు, ఒకటి మీకు అంటూ, కూరలో ముక్కలు పంచుకున్నట్టు పంచుకున్నారు.

నలభై పేర్లు పంచాక పేతురు చివరి పేరు చదవకుండా పుస్తకం మూశాడు. నారాయణ నములుతున్న ఎముక పక్కన పెట్టాడు.

"మీ బావ పేరు ఇడిసేసినావు మావా."

రామూర్తి తలెత్తకుండానే, "నీ వాటాలో ఏసుకో" అన్నాడు నారాయణతో.

లేచి వెళ్ళిపోవాలనిపించింది పేతురుకు. కానీ నయోమి వితంతు పింఛను కాగితం సంతకం కోసం రామూర్తి దగ్గరే ఉంది. కూర్చుండిపోయాడు. ఆకు వేస్తే తిన్నాడు కూడా. ఆ తిండి గుర్తొచ్చినప్పుడల్లా అతనికి తన మీద తనకే రోత పుట్టేది.

మర్నాడు బూతు ఆఫీసరుగా టెక్కలి నుంచి త్రినాథరావు మాస్టారు వచ్చాడు. పదకొండు గంటలకు, పేతురు ఎన్నడూ చూడని మనిషి ఒకడు చీటీ ఇచ్చాడు. గుమస్తా జాబితా చూసి పైకి చదివాడు.

"నాలుగు వందల పన్నెండు. షాలేమ్ రాజు."

ఆడవాళ్ళ వరసలో నయోమి గుమ్మం దాకా వచ్చి ఉంది. ఆ పేరు విని తలెత్తింది. ఆ మనిషిని చూసింది, తర్వాత అన్నను చూసింది. ఏమైనా అభ్యంతరమా అని త్రినాథరావు ఏజెంట్లను అడిగాడు. నారాయణ లేదన్నాడు. పేతురు పెన్ను మూత తీశాడు.

"అన్నియ్యా, ఆ పేరు ఎవులిదో నీకు తెల్దా?" అంది నయోమి. గొంతు పెంచలేదు. గదిలో అందరికీ వినబడింది.

పేతురు తన జాబితాలో ఆ నంబరు పక్కన టిక్కు పెట్టాడు. ఆ మనిషి వేలికి సిరా పూయించుకుని అట్ట చాటుకు వెళ్ళాడు. మిషను కూసింది. నయోమి వరసలోంచి తప్పుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

పేతురు కుర్చీలోంచి లేచాడు. త్రినాథరావును పక్కకు పిలిచి, నలభై ఒక్క మంది సంగతీ చెప్పేశాడు. ఓటు పడకముందు చెప్పాల్సిందనీ, ఇప్పుడు రాస్తే రీపోలింగూ ఎంక్వయిరీలూ తన నెత్తి మీదకొస్తాయనీ, పెట్టెలు అప్పగించి ఇల్లు చేరితే తనకు చాలుననీ ఆ మాస్టారు సణిగాడు.

నాలుగు గంటలకు ఒకామె నయోమి పేరుతోనే వచ్చింది. ఈసారి పేతురు లేచి నిలబడి, ఈవిడ నయోమి కాదు, నయోమి నా చెల్లెలు అన్నాడు. తెచ్చింది అతని పార్టీవాళ్ళే. నారాయణ నవ్వు ఆపుకోలేకపోయాడు. త్రినాథరావు ఆమెను భర్త పేరు అడిగాడు. ఆమె తడుముకోకుండా షాలేమ్ రాజు అంది. సరిపోయిందని లోపలికి పంపాడు.

సాయంత్రం లెక్క కాగితం మీద పేతురు సంతకం చేశాడు. తొంభై ఆరు శాతం. తర్వాత గెలిచినాయన సన్మాన సభలో రామూర్తికి షీల్డు ఇచ్చాడు. నయోమికి పింఛనూ వచ్చింది. ఆమె పింఛను తీసుకుంది గానీ అన్నతో మాట్లాడడం మానేసింది.

పేతురు రామూర్తి గుమ్మం తొక్కడం మానేశాడు. చచ్చినవాళ్ళ పేర్లు తీయించడానికి మండలాఫీసుకు తిరిగాడు, అక్కడ వినకపోతే టెక్కలికి తిరిగాడు. మనిషికొక ఫారం, మనిషికొక మరణ పత్రం అడిగారు. ఇచ్చినవి పోయాయని మళ్ళీ అడిగారు. అయిదేళ్ళు పట్టింది. బస్టాండులో పేపరు చదివిన రోజున అతని సంచిలో ఉన్నది కొత్త జాబితానే. నలభై ఒక్క పేర్లలో ముప్పై మూడు పోయాయి. షాలేమ్ రాజు పేరూ పోయింది.

బస్సు దిగి నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. ఆమె వాకిట్లో కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తోంది. జాబితా చూపించి, బావ పేరు తీయించేశానన్నాడు. నయోమి ఆ కాగితంలో తన పేరు వెతికి దాని మీద వేలు పెట్టింది.

"ఇదీ తీయించీ."

బతికున్నవాళ్ళ పేర్లు తీయరని చెప్పాడు.

"సచ్చిపోనాదని రాయి. అంతమందికి రాసినావు, నా ఒక్కదానికి రాయలేవేటి?"

పేతురు జాబితా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆమె మళ్ళీ పప్పు ముందుకు లాక్కుంది.

ఏప్రిల్లో ఓట్ల రోజు నయోమి గడప దాటలేదు. పేతురు ఎవరో ఇండిపెండెంటు అభ్యర్థి దగ్గర ఏజెంటు కాగితం రాయించుకుని, పొద్దున్నుంచి అన్నం కూడా తినకుండా బూతులో కూర్చున్నాడు. జాబితాలో ఈసారి ఫోటోలు వేశారు. నయోమి ఫోటో ఉన్న పేజీ తెరిచి పెట్టుకుని, వచ్చిన ప్రతి ఆడమనిషి ముఖమూ చూశాడు. తలుపులు మూసేదాకా ఆ పేరుతో ఎవరూ రాలేదు. ఆ మాట చెబుదామని వెళితే చెల్లెలు తలుపు తీయలేదు.